పొగ కక్కే టర్బో కారును అనంతపురంలో అమ్మించిన కన్సల్టెన్సీ: ఒక సమీక్ష

అనంతపురంలో సెకండ్ హ్యాండ్ కార్ల కన్సల్టెన్సీలకు కొదవ లేదు. గుత్తి రోడ్డు మొదలుకొని బళ్లారి రోడ్డు దాకా ఎటు వెళ్లినా అద్దాల మీద మోడల్, సంవత్సరం రాసిన కార్లు వరుసగా నిలబడి కనిపిస్తాయి. అయితే ఆ దుకాణాలకు అలవాటైన సరుకు వేరు. స్విఫ్ట్, బొలెరో, ఇన్నోవా, క్రెటా వంటి వాటికి తలుపు తెరవకుండానే ధర చెప్పగలిగినవారు, కంపెనీ ఇచ్చిన అమరికలో సగం కూడా మిగలని, పైగా ఇంజన్‌కు మరమ్మతు కావలసిన టర్బో పెట్రోల్ కారు ఎదురుపడితే మాట దాటవేస్తారు. అటువంటి కారును లోపం దాచకుండా, న్యాయమైన ధరకు అమ్మించిన ఒక చిన్న కన్సల్టెన్సీ గురించి ఇక్కడ రాస్తున్నాను. దుకాణం పేరు రాయవద్దని యజమాని కోరారు. "పేరు రాస్తే ఊళ్లో పొగ కక్కే బండ్లన్నీ నా గేటు ముందరికే వస్తాయి సామీ" అన్నది ఆయన అభ్యంతరం. బళ్లారి రోడ్డులో లేత్ షాపుల నడుమ, వేపచెట్టు పక్కన ఆఫీసు గది ఉన్న దుకాణం అంటే ఊరివారు పోల్చుకోగలరు.

కారు మా తమ్ముడిది. 2016 నాటి ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్‌ఐ. 1.2 లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజన్, కంపెనీ లెక్క ప్రకారం 105 పీఎస్ శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్క్, తనంతట తానే గేర్లు మార్చే ఏడు గేర్ల డీఎస్‌జీ గేర్‌బాక్స్. మన దేశంలో పోలో తయారీ 2022లో ఆగిపోయింది కాబట్టి ఈ కారుపై మోజు ఉన్నవారు ఇప్పటికీ వెతికి మరీ కొంటారు. బెంగళూరులో ఉద్యోగం చేసిన కాలంలో తమ్ముడు ఈసీయూ (ఇంజన్‌ను నడిపించే కంప్యూటర్) సాఫ్ట్‌వేర్‌ను మార్పించి, పొగలోని విషవాయువులను తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను తీయించి దాని స్థానంలో పెద్ద డౌన్‌పైప్ (టర్బో నుంచి పొగ బయటికి పోయే గొట్టం) వేయించి, గాలి లోపలికి వెళ్లే దారిని మార్చి, ఎత్తు తగ్గించే కాయిలోవర్ సస్పెన్షన్, వెడల్పాటి అల్లాయ్ చక్రాలు బిగించాడు. దీనికంతటికీ ఎంత ఖర్చయిందో అతను అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. విదేశంలో ఉద్యోగం ఖాయమయ్యాక, వెళ్లేలోగా కారు అమ్మే పని నాకు అప్పగించాడు.

ఇంజన్ ఎందుకు దెబ్బతిన్నదో చెబితేనే అమ్మకంలో ఎదురైన చిక్కులు అర్థమవుతాయి. సాఫ్ట్‌వేర్ మార్చి బూస్ట్ (టర్బో ఇంజన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచి, స్పార్క్ ముందుగా పడేలా చేసినప్పుడు సిలిండర్‌లో ఒత్తిడి, వేడి రెండూ పెరుగుతాయి. స్పార్క్ ప్లగ్ అంటించిన మంట వ్యాపించకముందే మిగిలిన మిశ్రమం తనంతట తాను పేలడాన్ని మెకానిక్‌లు నాకింగ్ అంటారు. దీన్ని పెట్రోల్ ఎంతవరకు తట్టుకుంటుందో ఆక్టేన్ సంఖ్య చెబుతుంది. తమ్ముడి కారు సాఫ్ట్‌వేర్‌ను 95 ఆక్టేన్ పెట్రోల్‌ను దృష్టిలో ఉంచుకొని, సుమారు 920 మీటర్ల ఎత్తున చల్లగా ఉండే బెంగళూరులో సరిచేశారు. ఆ తరువాత ఆ కారు, ఏప్రిల్, మే నెలల్లో నలభై డిగ్రీలు దాటే అనంతపురంలో, పల్లెటూరి బంకుల్లో దొరికే మామూలు పెట్రోల్‌తో తిరిగింది. నాక్ సెన్సర్ కొంతవరకు స్పార్క్‌ను వెనక్కి జరిపి ఇంజన్‌ను కాపాడుతుంది గాని, దానికీ ఒక హద్దు ఉంది. ఆ హద్దు దాటినప్పుడు పడే దెబ్బలకు పిస్టన్ మీద రింగులు కూర్చునే గాడుల నడుమ ఉండే సన్నని గట్టు పగులుతుంది. ఆపై ఆయిల్ పైకి చేరి మండుతుంది, నీలి పొగ వస్తుంది, ఉదయం స్టార్ట్ చేసినప్పుడు ఇంజన్ కుంటుతుంది. మా కారులో కనిపించినవి సరిగ్గా ఈ లక్షణాలే.

మొదట వెళ్లిన మరో కన్సల్టెన్సీ వారి సలహా చాలా సులువైనది. పాత ఆయిల్ తీసేసి చిక్కటి ఆయిల్ పోద్దాం, పొగ తగ్గించే మందు కలుపుదాం, స్కానర్ పెట్టి లోపం కోడ్‌లు చెరిపేద్దాం, సాయంత్రం ఇంజన్ వేడిగా ఉన్నప్పుడు కొనేవారిని పిలుద్దాం అన్నారు. జ్వరం వచ్చిన పిల్లవాడికి పౌడరు పూసి బడికి పంపడం లాంటి పని ఇది. పైగా తెలిసిన కొనుగోలుదారు ఎదుట నిలిచే ఎత్తు కూడా కాదు. కోడ్‌లు చెరిపిన వెంటనే ఈసీయూలోని స్వీయ పరీక్షలు కూడా మొదటికి వస్తాయి; అవి పూర్తి కాలేదని కారు కంప్యూటర్‌ను చదివే ఓబీడీ స్కానర్ చూపుతుంది కాబట్టి, చెరిపినవాడి చేతివాటం అక్కడే బయటపడుతుంది. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షన్, తనకు తెలిసిన వాస్తవాన్ని కావాలని కప్పిపుచ్చి ఎదుటివారిని ఒప్పందంలోకి దించడాన్ని మోసంగానే లెక్కిస్తుంది. 19వ సెక్షన్ ప్రకారం మోసపోయినవారు ఆ ఒప్పందాన్ని రద్దు చేసుకోవచ్చు. తమ్ముడు విదేశంలో ఉండగా ఇక్కడ నోటీసులు అందుకొనేది నేనే కాబట్టి ఆ దారి వద్దనుకున్నాను. ఇంటికి వచ్చి కారు చూసి ధర చెప్పే ఒక ఆన్‌లైన్ కంపెనీని కూడా పిలిపించాను. వారి మనిషి ఫొటోలు తీసుకొని, ఫోన్‌లో చూపిన మొదటి ధరను సగానికి తెగ్గొట్టి, మార్పులు చేసిన కార్లు తమ వేలంలో సాగవని చెప్పి వెళ్లిపోయాడు. ఆ సేవ గురించి అంతకు మించి రాయడానికి ఏమీ లేదు.

బళ్లారి రోడ్డు దుకాణం యజమాని ధర చెప్పడానికి ముందు పరీక్ష చేయించాలన్నారు. ఆయనకు పాతికేళ్లుగా తెలిసిన మెకానిక్ పక్క వీధిలోనే ఉన్నాడు. పరీక్ష ఖర్చు మేమే భరించాలని, ఫలితం కాగితం మీద మాకే ఇస్తారని, ఆపై మేం వేరే చోటికి వెళ్లినా అభ్యంతరం లేదని ముందే స్పష్టంగా చెప్పారు. నాకు నమ్మకం కుదిరింది ఆ షరతు దగ్గరే. మెకానిక్ నాలుగు స్పార్క్ ప్లగ్‌లు విప్పి కంప్రెషన్ (సిలిండర్‌లో పిస్టన్ నొక్కే గాలి ఒత్తిడి) చూశాడు. మిగిలిన మూడు సిలిండర్లలో పన్నెండు బార్‌ల దరిదాపున ఉన్న ఒత్తిడి, మూడో నంబరు సిలిండర్‌లో ఏడుకు దిగువన నిలిచింది. ఆ సిలిండర్‌లో కొద్దిగా ఆయిల్ వేసి మళ్లీ చూస్తే ముల్లు పైకి లేచింది. ఆయిల్ రింగుల చుట్టూ చేరి కాసేపు సందు మూసింది గనుక ఒత్తిడి పెరిగిందని, లోపం వాల్వుల్లో ఉంటే ఇలా పెరిగేది కాదని ఆయన వివరించాడు.

అంతటితో ఆగకుండా లీక్‌డౌన్ పరీక్ష కూడా చేశాడు. ఆ సిలిండర్‌లోకి కంప్రెసర్ గాలి ఎక్కించి, అది ఎక్కడి నుంచి బయటికి వస్తున్నదో చెవి ఒగ్గి వినడమే ఈ పరీక్ష. సైలెన్సర్ గొట్టంలో గాలి శబ్దం వినిపిస్తే ఎగ్జాస్ట్ వాల్వు, గాలి లోపలికి వెళ్లే దారిలో వినిపిస్తే ఇన్‌టేక్ వాల్వు, రేడియేటర్ నీటిలో బుడగలు వస్తే హెడ్ గ్యాస్కెట్, ఆయిల్ పోసే మూత దగ్గర ఊదితే రింగులు లేదా పిస్టన్ అని తేలుతుంది. మా కారులో మూత దగ్గరే బుస్సుమని వచ్చింది. టర్బోను కూడా విడిగా చూసి, షాఫ్ట్ (తిరిగే ఇరుసు) ఆట మామూలుగానే ఉందని, వేస్ట్‌గేట్ (బూస్ట్ హద్దు దాటకుండా చూసే తలుపు) లివరు మాత్రం కొంత వదులైందని రాశాడు. హాఫ్ ఇంజన్ విప్పి పిస్టన్‌లు, రింగులు, బేరింగులు, గ్యాస్కెట్లు మార్చి, లేత్ పనితో కలిపి 1,40,000 రూపాయల దాకా అవుతుందని, బోరు (సిలిండర్ లోపలి గోడ) గీతలు పడి ఉంటే ఇంకా పెరుగుతుందని అంచనా ఇచ్చాడు. సిలిండర్ లోపలికి దూర్చి చూసే బోరోస్కోప్ కెమెరా ఆయన దగ్గర ఉండి ఉంటే ఆ చివరి అనుమానం కూడా తీరేది. ఇటువంటి కార్లు చేపట్టే దుకాణం కొనుక్కోవలసిన పరికరం అది.

ఇంజన్ బాగుచేయించి అమ్మితే మంచిది కదా అని నేను అడిగినప్పుడు యజమాని చెప్పిన లెక్క గుర్తుంచుకోదగినది. బాగున్న అదే మోడల్ కారు ఊళ్లో నాలుగున్నర లక్షలు పలుకుతుంది. కొత్తగా ఇంజన్ పని జరిగిన కారుకు ఆ ధర రాదు, ఎందుకంటే ఆ పని ఎవరు చేశారో, ఎలా చేశారో కొనేవారికి తెలియదు. "మీరు చేయించిన ఇంజన్‌ని ఎవురూ నమ్మరు సార్. వాళ్లు చేయించుకున్నదే వాళ్లకు నమ్మకం" అన్నారాయన. మరమ్మతు ఖర్చును, విప్పాక బయటపడగల అదనపు పనికి యాభై వేలను నాలుగున్నర లక్షల్లోంచి తీసేసి, 2,60,000 రూపాయలు న్యాయమైన ధర అని నిర్ణయించారు. గేర్‌బాక్స్ గురించి కూడా ముందే ఆలోచించారు: ఈ కారులోని పొడి క్లచ్ డీఎస్‌జీ 250 న్యూటన్ మీటర్ల టార్క్ వరకు తట్టుకునేలా రూపొందింది కాబట్టి, సాఫ్ట్‌వేర్ మార్చిన కారు అనగానే కొనేవారి రెండో అనుమానం క్లచ్ మీదే ఉంటుందని, గేర్లు మారే తీరును చల్లటి ఇంజన్ మీద వీడియో తీయించి పెట్టారు.

మార్పుల విషయంలో ఈ దుకాణం ఇచ్చిన సలహా వల్లే మాకు ఎక్కువ మేలు జరిగింది. మార్పులకు పెట్టిన డబ్బు కారు ధరలో తిరిగి రాదన్నది ఆయన మొదటి మాట. పైగా వాటిని అలాగే ఉంచి అమ్మడం చట్టరీత్యా చిక్కు. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా వాహనాన్ని మార్చకూడదు. సుప్రీంకోర్టు 2019 జనవరిలో ఇచ్చిన తీర్పులో దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో చేరిన 182ఏ సెక్షన్, అనుమతి లేని ఒక్కో మార్పుకు ఐదు వేల రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించడానికి వీలు కల్పించింది. క్యాటలిటిక్ కన్వర్టర్ లేని కారు పొల్యూషన్ పరీక్షలో నిలవడమూ కష్టమే: బీఎస్ 4 (అప్పటి కాలుష్య ప్రమాణం) పెట్రోల్ కారు నిలకడగా ఆడుతున్నప్పుడు కార్బన్ మోనాక్సైడ్ 0.3 శాతం, హైడ్రోకార్బన్లు 200 పీపీఎం (పది లక్షల్లో 200 భాగాలు) దాటకూడదు. పొల్యూషన్ సర్టిఫికెట్ లేనిదే యాజమాన్య బదిలీ కాగితాలు కదలవు.

అదృష్టవశాత్తు కంపెనీ సామాను అంతా మా అటక మీద గోనెసంచుల్లో ఉంది. ప్లాటినం, పల్లేడియం, రోడియం ఉండే పాత క్యాటలిటిక్ కన్వర్టర్‌ను బెంగళూరు గ్యారేజీల వద్ద వదిలేసి వచ్చేవారు చాలామంది ఉన్నారని, అది లేకపోతే మా లెక్క మరోలా ఉండేదని యజమాని అన్నారు. ఆయన పర్యవేక్షణలో కంపెనీ గొట్టాలు, స్ప్రింగులు, చక్రాలు తిరిగి బిగించారు. ఈసీయూను పాత సాఫ్ట్‌వేర్‌కు మార్చడానికి మాత్రం మొదట మార్చిన బెంగళూరు వారినే సంప్రదించవలసి వచ్చింది; అసలు ఫైలు వారి దగ్గర భద్రంగా ఉంది. అయినా కంపెనీ సర్వీస్ కేంద్రపు స్కానర్‌కు పాత మార్పు జాడ దొరకవచ్చు గనుక, ఆ విషయం కూడా కొనేవారికి చెప్పాలన్నారు. తీసిన కాయిలోవర్లు, చక్రాలు విడిగా బెంగళూరు కుర్రవాళ్లు కొనుక్కున్నారు. వాటిపై కన్సల్టెన్సీ కమీషన్ అడగలేదు. పొల్యూషన్ పరీక్షలో కారు గట్టెక్కింది గాని, హైడ్రోకార్బన్ల అంకె హద్దు అంచునే నిలిచింది. ఆ చీటీని కూడా ఫైల్లో పెట్టారు.

ప్రకటన రాసిన తీరు ప్రత్యేకంగా చెప్పుకోవాలి. "సింగిల్ ఓనర్, టాప్ కండిషన్" అనే అలవాటు మాటలు లేవు. మూడో సిలిండర్‌లో కంప్రెషన్ తక్కువ, ఇంజన్ పని అవసరం, గతంలో సాఫ్ట్‌వేర్ మార్చి తిరిగి సరిచేసినది, పరీక్ష కాగితాలు చూడవచ్చు అని ఉన్నది ఉన్నట్టు రాశారు. దీనివల్ల వచ్చే ఫోన్లు తగ్గాయి, వచ్చినవారు మాత్రం పనికివచ్చేవారు. కడప నుంచి ఒక యువకుడు కారును నడుపుకుంటూ ఇంటికి తీసుకెళతానంటే, దారిలో ఇంజన్ పట్టేస్తే తరువాత మాటలు పడవలసి వస్తుందని యజమానే వద్దన్నారు. అమ్మకం పోతుందని తెలిసీ ఆయన అలా చెప్పారు. విడిభాగాల కోసం కార్లు కొనేవారు అడిగిన ధర మరీ తక్కువ.

చివరికి ఇద్దరు మిగిలారు. బెంగళూరు గ్యారేజీ యజమాని 2,70,000 ఇస్తానన్నారు. కర్నూలులో సొంత షెడ్డు ఉన్న మెకానిక్ 2,55,000 దగ్గర ఆగారు. చూడగానే మొదటిది లాభంగా కనిపిస్తుంది. అయితే కర్ణాటకకు అమ్మితే ఫారం 28తో ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) తీసుకోవాలి, పెండింగ్ చలాన్లన్నీ కట్టాలి, అక్కడ కొన్నవారు జీవితకాల పన్ను కట్టి కొత్త నంబరు తీసుకొనేదాకా కారు తమ్ముడి పేరుమీదే ఉంటుంది. ఆ పన్ను తప్పించుకోవడానికి పాత నంబరుతోనే తిప్పేవారు తక్కువేమీ కాదు. వాహనం చేతులు మారినా బదిలీ నమోదు కాకపోతే, ప్రమాదం జరిగినప్పుడు పరిహారం బాధ్యత ఆర్‌సీలో పేరున్న యజమానిదేనని సుప్రీంకోర్టు 2018లో స్పష్టం చేసింది. విదేశంలో ఉండబోయే మనిషికి పదిహేను వేల కోసం ఆ బెడద అక్కరలేదని కన్సల్టెన్సీ యజమాని చెప్పిన మాట నాకు నచ్చింది. కారు ఫ్లాట్‌బెడ్ లారీ మీద కర్నూలు మెకానిక్ దగ్గరికి వెళ్లింది.

కాగితాల పని చక్కగా జరిగింది. బ్యాంకు అప్పు తీరినా ఆర్‌సీలో హైపోథికేషన్ (కారు బ్యాంకుకు తాకట్టులో ఉందన్న నమోదు) మిగిలిపోయిందని గుర్తించి, ముందు ఫారం 35తో దాన్ని తీయించారు. యాజమాన్య బదిలీకి వాడే ఫారం 29, 30 లను ఖాళీగా సంతకం చేయించుకొని ఉంచుకొనే అలవాటు మన ఊరి కన్సల్టెన్సీల్లో విపరీతంగా ఉంది. ఇక్కడ మాత్రం కొనేవారి పేరు, చిరునామా, తేదీ నింపాకే తమ్ముడితో సంతకం పెట్టించారు. అదే రాష్ట్రంలో అమ్మినప్పుడు అమ్మినవారు పద్నాలుగు రోజుల్లోగా రిజిస్టరింగ్ అధికారికి తెలియజేయాలన్న 50వ సెక్షన్ నియమాన్ని ఆయనే గుర్తుచేశారు. ఓటీపీ తమ్ముడి ఫోన్‌కే వస్తుంది గనుక, అతను విమానం ఎక్కేలోగా బదిలీ దరఖాస్తు పూర్తి చేయాలని పట్టుబట్టింది కూడా ఆయనే.

ఇక లోపాలు. 2022 డిసెంబరులో కేంద్ర మోటారు వాహనాల నిబంధనలకు చేసిన సవరణ 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. దాని ప్రకారం పాత వాహనాల డీలరు రవాణా శాఖ నుంచి అధికార పత్రం తీసుకోవాలి. అటువంటి డీలరుకు కారు అప్పగించి ఫారం 29సీ ద్వారా తెలియజేస్తే, అప్పటి నుంచి ఆ కారుకు డీలరే యజమానితో సమానం. ఈ దుకాణానికి ఆ అధికార పత్రం లేదు. అంటే కారు వారి ఆవరణలో నిలిచి ఉన్నంత కాలం, ఎవరు ట్రయల్‌కు తీసుకెళ్లినా బాధ్యత తమ్ముడిదే. ఇంత పద్ధతిగా పనిచేసే మనిషి ఆ ఒక్క పని చేయకపోవడం నాకు అర్థం కాలేదు. అడిగితే "చేయిస్తాం సార్" అన్నారు. ఆ కారణంగా నేను పక్కన కూర్చుంటేనే ట్రయల్ ఇవ్వాలని షరతు పెట్టాను, దానికి ఒప్పుకున్నారు. కమీషన్ మా నుంచి రెండు శాతం అని ముందే చెప్పారు గాని, కొన్నవారి నుంచి కూడా తీసుకుంటున్నట్టు చివర్లో తెలిసింది. తీసుకోవడం తప్పు కాదు, చెప్పకపోవడం తప్పు. ఆవరణలో నీడ లేదు. వేపచెట్టు నీడ ఆఫీసు గదికే సరిపోతుంది. ఎండకు డాష్‌బోర్డు పైపొర ఉబ్బింది, నిలిచి ఉన్న కారులో బ్యాటరీ దిగిపోయింది, కొత్త బ్యాటరీ ఖర్చు మా మీదే పడింది.

మామూలు కారు అమ్మేవారికి ఈ దుకాణం వల్ల ప్రత్యేకమైన లాభం లేదు. ఎక్కడైనా అదే ధర వస్తుంది, ఇంకా త్వరగా కూడా అమ్ముడవుతుంది. ఇంజన్ పని ఉన్న కారు, సాఫ్ట్‌వేర్ మార్చిన కారు, కంపెనీ సామాను అటక మీద ఉన్న కారు చేతిలో ఉన్నవారు మాత్రం ముందుగా ఇక్కడికే వెళ్లాలని నా అభిప్రాయం. ఐదింటికి నాలుగు మార్కులు ఇస్తాను. ఆ అధికార పత్రం తెచ్చుకుంటే నాలుగున్నర. వారు పట్టించుకోని రెండు పనులు అమ్మేవారే చూసుకోవాలి. ఒకటి, అద్దం మీది ఫాస్టాగ్‌ను బ్యాంకులో మూయించడం. లేకపోతే కొన్నవారు మరూరు టోల్‌ప్లాజా దాటిన ప్రతిసారీ డబ్బు మన ఖాతాలోంచే పోతుంది. రెండోది, బీమా కంపెనీ నుంచి నో క్లెయిమ్ బోనస్ లేఖ తీసుకోవడం. ఆ బోనస్ కారుతో పాటు కొన్నవారికి వెళ్లదు, అది యజమానిది. మూడేళ్లలోగా కొనే మరో కారు పాలసీకి వాడుకోవచ్చు.